నూట ముప్పై బై ఎనభై

ధారావాహిక: తొమ్మిదో భాగం

“సెప్టెంబరు, నూట ముప్పై బై ఎనభై. అక్టోబరు, నూట ముప్పై బై ఎనభై. నవంబరు, డిసెంబరు, జనవరి... అన్నీ అవే. అచ్చు గుద్దినట్టు అవే!”

స్టెల్లా ఆ పసుపుపచ్చ కార్డుని టీపాయ్ మీదకి విసిరింది. అది జారి పుష్పలత కాళ్ళ దగ్గర పడింది.

పుష్పలత వంగి తీసింది గానీ తెరిచి చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఆ రాత తనదే.

పక్షవాతంతో పడిపోయిన దానం మాస్టారిని అమలాపురం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి మూడు రోజులైంది. కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మూతి ఎడమ పక్కకి కొంచెం లాగేసి ఉంది. మాట్లాడబోతే గొంతులో గరగరమనడమే తప్ప మాట పెగలడం లేదు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేసి, వీపు వెనక రెండు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు కోడలూ కూతురూ ఒకరి మీద ఒకరు మాటలు విసురుకుంటుంటే, అటొకసారీ ఇటొకసారీ చూస్తున్నారు.

“వదిన గారూ, కాస్త మెల్లిగా అనండి. మామయ్య గారు వింటున్నారు.”

“విననీ. ఆయన కోసమే గదా నేనంటున్నది.” స్టెల్లా కొత్తపేటలో హైస్కూలు టీచరు. క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది. “అక్కడ డాక్టరు గారు నన్నేమడిగేరో తెలుసా? ‘చేర్చేటప్పటికి రెండొందల పది ఉందండి. ఇంత బీపీ ఒక్కపూటలో వచ్చేది కాదు. ఈయన్ని ఎవరు చూస్తున్నారండి?’ అన్నారు. ఏం చెప్పమంటావు? మా మరదలే చూస్తుందండి, ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నడిపేది అదేనండి అన్నాను. ఆయన ఈ కార్డు చూసి మళ్ళీ నా మొహం చూసేరు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.”

గుమ్మంలో నిలబడ్డ జయప్రకాష్ కలగజేసుకున్నాడు. “ఊరుకో అక్కా. గండం గడిచింది. మనిషి దక్కేరు. అంతే చాలు.”

“నువ్వుండరా. ఇదొకటి చూడు.”

స్టెల్లా లోపలికి వెళ్ళి ఒక పాత బిస్కట్ డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా మాత్రల అట్టలు. ఒక్కటి కూడా విప్పలేదు.

“నాన్న బీరువాలో బట్టల కింద దొరికింది. పుష్ప ఇచ్చిన బీపీ బిళ్ళలే ఇవన్నీ. ఒక్కటి మింగలేదు. ఎందుకు మింగుతారు? నెలనెలా బాగుందని కార్డు మీద రాసి ఉంటే, తగ్గిపోయింది కామోసనుకున్నారు.”

ఇది పుష్పలతకి తెలియదు. మాత్రలు తనే తెచ్చి ఆయన చేతికిచ్చేది. ఆయన “సరేనమ్మా” అని తీసుకునేవారు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

“ఒక్కటే అడుగుతాను పుష్పా. అసలు కొలిచేవా? ఈ ఐదు నెలల్లో ఒక్కసారైనా ఆ పట్టీ నాన్న చేతికి చుట్టేవా?”

వెనక దొడ్లో ఎవరో కొబ్బరికాయలు ఒలుస్తున్న చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి, వినిపిస్తోంది.

పుష్పలత నోరు తెరిచింది. ఆ క్షణంలో నిజం చెప్పేదే. నాలుక చివరికి వచ్చింది కూడా.

“కొ...”

అందరూ మంచం వైపు తిరిగారు. దానం మాస్టారు ఎడం చేత్తో మంచం పట్టెని గట్టిగా పట్టుకున్నారు. మెడ నరాలు పొంగాయి.

“కొలి... చింది.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్టెల్లా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “నాన్నా! మాటొచ్చింది! ఒరేయ్ జయా, నాన్నకి మాటొచ్చిందిరా!”

జయప్రకాష్ మంచం దగ్గరికి పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “మళ్ళీ అనండి నాన్నా. ఏదీ, ఇంకోసారి.”

“కొలి...చింది,” అన్నారు మాస్టారు. ఈసారి ఇంకొంచెం తేటగా. కోడలి వైపు మాత్రం చూడలేదు.

స్టెల్లా ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో తండ్రి గడ్డం తుడిచింది. తర్వాత పుష్పలత దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“క్షమించు పుష్పా. నోటికొచ్చినట్టు అనేశాను. నాన్న అబద్ధం ఆడరు. ఏడో తరగతిలో నాకు లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే, సొంత కూతురని కూడా చూడకుండా ఫెయిల్ చేసేరు. మా అమ్మ వారం రోజులు మాట్లాడలేదు ఆయనతో. అయినా కలపలేదు ఆ రెండు మార్కులు. అలాంటి మనిషి కొలిచిందన్నారంటే కొలిచినట్టే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను.”

పుష్పలత చేతులు విడిపించుకుని, “పొయ్యి మీద జావ ఉందండీ,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జావ అప్పటికే దించేసింది. వట్టి పొయ్యి ముందు నిలబడింది.

* * *

అది మొదలైంది ఆగస్టు వానల్లో. పుల్లేటివారిపాలెం ఆరోగ్య కేంద్రంలో ఉన్న ఒక్క బీపీ మిషనుకీ పట్టీలో గాలిగొట్టం చీలిపోయింది. కొత్తది కావాలని రాసింది. మళ్ళీ రాసింది. ఫోన్లో అడిగింది. వస్తుందన్నారు. సెప్టెంబరు నెలాఖరు వచ్చింది. ఊళ్ళో బీపీ ఉన్న నూట పన్నెండు మంది పేర్లూ సెల్‌ఫోనులోని యాప్‌లో ఎర్రగా మెరుస్తున్నాయి. అంకె నింపితే గానీ ఎరుపు పోదు. ఎరుపు పోకపోతే సోమవారం సమావేశంలో పేరు పిలిచి నిలబెడతారు.

మొదట ఒక్కరికి రాసింది. పోయిన నెల నూట ముప్పై బై ఎనభై ఉన్న మనిషే, ఈ నెల మాత్రం ఎంత మారుతుంది అనుకుంది. ఆ సాయంత్రానికి నలభై మందికి రాసింది.

నవంబరులో కొత్త మిషను వచ్చింది. కేంద్రానికి నడిచొచ్చిన వాళ్ళందరికీ కొలిచింది. రాని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలి. చంటిపిల్లల టీకాలు, గర్భిణీల పరీక్షలు, సర్వేలు. వెళ్ళడం కంటే రాయడం తేలికగా ఉండేది. ఇక మామయ్య గారంటారా, ఇంట్లో మనిషే. ఎప్పుడైనా చూడొచ్చు. అలా ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం స్టెల్లా కునుకు తీస్తుంటే పుష్పలత జావగిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. చెంచాతో కొంచెం కొంచెం పట్టింది. పెదవి చివరి నుంచి కారితే తుడిచింది.

“ఎందుకలా చెప్పేరు మామయ్య గారూ?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఒక్కో మాటనీ కూడదీసుకుంటూ, మధ్యమధ్య ఆగుతూ అన్నారు. “ఇల్లు... గొడవ... వద్దు.”

“మీకు తెలుసు గదా, నేను పట్టీ చుట్టలేదని. మరి ఆ అంకె ఎలా నమ్మేరండీ? మందెందుకు మానేశారు?”

ఆయన ఎడం చెయ్యి ఎత్తి ఆమె మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించారు. ఆమెకి వెంటనే అర్థమైంది. పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు ఒక్కోసారి ఆయన నాడి పట్టుకుని “బావుందండీ” అనేది, నవ్వుతూ, మాటవరసకి.

“దాంతో... తెలుస్తుంద...నుకున్నా,” అన్నారాయన. “నువ్వు... చదువుకున్నదానివి.”

పుష్పలత చెంచా గిన్నెలో పెట్టేసింది. ఇంతసేపూ కళ్ళలోకి రాని నీళ్ళు అప్పుడొచ్చాయి.

“నేను చెప్పేస్తానండి. అందరికీ.”

మాస్టారు కంగారుగా తల అడ్డంగా ఊపారు. “ఉద్యో...గం,” అన్నారు. మళ్ళీ, “పుష్పా. ఉద్యోగం.”

* * *

సాయంత్రం జయప్రకాష్ పెరట్లో వెదురుగడ కడుతున్నాడు. వంటింటి గుమ్మం నుంచి బాత్రూం దాకా తండ్రి పట్టుకుని నడవడానికి. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పే మనిషి కాబట్టి, ఎత్తు సరిపోయిందో లేదో టేపు పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు. పుష్పలత రెండో కొస పట్టుకుంది.

అలా గడ పట్టుకునే చెప్పింది. ఆగస్టు నుంచి మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. అతను ఇనపతీగ మెలితిప్పుతూ విన్నాడు. ఆమె చెప్పడం అయిపోయాక కూడా ఆ మెలిక తిప్పుతూనే ఉన్నాడు. తీగ తెగింది.

“మొత్తం ఎంతమంది?”

“అరవై మంది దాకా ఉంటారు.”

“అక్కకి చెప్పేవా?”

“లేదు.”

“చెప్పకు.” ఇంకో తీగముక్క తీసుకున్నాడు. “నువ్వే ఆలోచించు పుష్పా. నాన్న నోటంట వచ్చిన మొదటి మాట అది. ఇప్పుడు నువ్వు కాదన్నావంటే, అక్క ముందు ఆయన అబద్ధం ఆడినట్టు అవుతుంది. ఈ పరిస్థితిలో ఆయనకి ఆ మాట రావాలా?”

“మరి మిగతావాళ్ళో?”

“ఇవాళ్టి నుంచి సరిగ్గా కొలువు. ఎవరు కాదన్నారు? జరిగిపోయినదాన్ని ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు?”

“జరిగిపోలేదండీ. మామయ్య గారిలాగే బాగుందనుకుని మందు మానేసిన వాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. వాళ్ళకెవరికీ ఇంకా ఏమీ కాలేదు గాబట్టి...” ఆమె ఆగిపోయింది.

జయప్రకాష్ గడని ఊపి చూశాడు. గట్టిగానే ఉంది. “చెయ్యి కడుక్కుని వస్తాను,” అని లోపలికి వెళ్ళాడు. మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు ఆదివారం ఆరాధనలో స్టెల్లా లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తన తండ్రికి దేవుడు మాట తిరిగి ఇచ్చాడని, ఆ మొదటి మాట కోడలి మంచితనం గురించేనని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళ వరసల్లోంచి నలుగురైదుగురు వెనక్కి తిరిగి పుష్పలతని చూసి ఆప్యాయంగా నవ్వారు. వాళ్ళలో ఇద్దరి పేర్లు ఆమె బీపీ రిజిస్టరులో ఉన్నాయి. పుష్పలత పాటల పుస్తకంలోకి తల దించుకుంది.

ఆ సాయంత్రం కొత్తపేట బస్సెక్కుతూ స్టెల్లా, “నాన్న జాగ్రత్త. నువ్వున్నావుగా, నాకు బెంగ లేదు,” అంది. పుష్పలత కిటికీలోంచి ఆమె సంచీ అందించింది.

జయప్రకాష్ భార్యతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. కోపంగా కాదు. మాస్టారి మందుల వేళలు, గ్యాసు బండ, రేపటి పాలు.

* * *

సోమవారం సమావేశం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, పుష్పలత పీహెచ్‌సీలో డాక్టరు సుస్మిత గారి గది ముందు బల్ల మీద కూర్చుంది. ఆవిడ ఈ పీహెచ్‌సీకి వచ్చి నాలుగు నెలలైంది. పుష్పలత కంటే పదేళ్ళు చిన్న. మాట తక్కువ.

“లోపలికి రండి సిస్టర్. మీ మామగారికి ఎలా ఉంది?”

“నయమేనండి. మీతో ఒకటి చెప్పాలి మేడమ్.”

నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చివర్లో సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అది పుల్లేటివారిపాలెం అంకెల పట్టిక. కొన్నిటి కింద పెన్సిలు గీతలున్నాయి.

“మిషను నూట ముప్పై ఏడు చూపిస్తుంది, నూట నలభై మూడు చూపిస్తుంది. మీ ఊళ్ళో మాత్రం సగానికి పైగా సున్నాతోనే ఆగుతున్నాయి,” అంది డాక్టరు. “నెల రోజుల కిందటే అనుమానం వచ్చింది నాకు. అడుగుదామనుకున్నాను. మండలం మొత్తంలో బీపీ అదుపులో ఉన్నది మీ ఊళ్ళోనే ఎక్కువని పైవాళ్ళు మెచ్చుకుంటుంటే, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. కింద సంతకం నాది కూడా ఉంది సిస్టర్.”

పుష్పలత ఆ కాగితం వంకే చూస్తోంది.

“కూర్చోండి ఇప్పుడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం. అరవై కాదు, నూట పన్నెండు మందినీ.”

డాక్టరు మిషను తీసి తన ముందు పెట్టుకుంది. పుష్పలతకి తెలియనివి కావు ఆవిడ చెప్పినవి. ట్రైనింగులో విన్నవే, హడావిడిలో వదిలేసినవే. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపుకి ఆసరా ఉండాలి, కాళ్ళు నేలకి ఆనాలి, చెయ్యి బల్ల మీద ఉండాలి. కొలిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. రెండుసార్లు చూడాలి. మిషను ఏ అంకె చూపిస్తే ఆ అంకె రాయాలి.

“ఇంకో సంగతి. పది రోజులకి సరిపడా మందిచ్చి మళ్ళీ రమ్మంటున్నాం. కూలిపని మానుకుని నెలకి మూడుసార్లు ఎవరొస్తారండీ? ఇకనుంచి నెలకి సరిపడా ఇద్దాం. ఇచ్చేటప్పుడు పోయిన నెలవి ఎన్ని మిగిలేయో వాళ్ళనే అడుగుదాం, తిట్టకుండా. రాని వాళ్ళ పేర్లు వేరే రాసి పెట్టండి. ఆశా వర్కరుతో కబురు పెట్టిద్దాం. నూట అరవై దాటితే నాకు ఆరోజే ఫోన్ చెయ్యండి. నేనే వస్తాను, లేదా పిలిపిస్తాను.”

“సరేనండి.” పుష్పలత అవన్నీ రాసుకుంది. “మరి నా సంగతి మేడమ్?”

డాక్టరు పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది. “పైకి రాయక తప్పదు. శుక్రవారం రాస్తాను. మీరే వచ్చి చెప్పేరని రాస్తాను. మిషను పాడై మూడు నెలలు ఇవ్వలేదని రాస్తాను. నా సంతకం గురించి కూడా రాస్తాను. వాళ్ళేం చేస్తారో నాకు తెలీదు. శుక్రవారం లోపల ఎంతమందికి సరైన అంకె తేగలరో తెండి.”

“వాళ్ళకి ఏం చెప్పాలండీ? మళ్ళీ ఎందుకు కొలుస్తున్నారని అడుగుతారు.”

“అడిగితే ఏం చెప్పాలనుకుంటున్నారు?”

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు కూడా పుష్పలత అదే ఆలోచిస్తోంది. పాత మిషను తప్పు చూపించిందని అనొచ్చు. ఎవరూ కాదనరు. ఆటో వచ్చింది, ఎక్కింది. ఊళ్ళోకి వచ్చేదాకా ఆ మాటే మనసులో నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకుంది. ఏ రకంగా అనుకున్నా మామయ్య గారి గొంతే వినిపించింది.

* * *

మంగళవారం పొద్దున్నే బయల్దేరింది. గుమ్మం దాటుతుంటే జయప్రకాష్ వెనక నుంచి, “టిఫిను తినలేదు నువ్వు,” అన్నాడు. మూడు రోజుల్లో అతను ఆమె గురించి అన్న మొదటి మాట. “వచ్చి తింటానండీ,” అంది.

ముందుగా అప్పలరాజు ఇంటికి వెళ్ళాలని రాత్రే అనుకుంది. కొబ్బరి దింపు తీసే మనిషి. రోజుకి నలభై చెట్లెక్కుతాడు. అతని పేరు పక్కన ఐదు నెలలుగా నూట ముప్పై బై ఎనభై ఉంది. చెట్టు మీద ఉండగా అతని కళ్ళు తిరిగితే అన్న ఆలోచన శనివారం నుంచి ఆమెని వదలడం లేదు.

ఆమె వెళ్ళేసరికి ఇంటి వెనక చెట్టు మీదే ఉన్నాడు. భార్య చిట్టెమ్మ కింద కాయలు పోగేస్తోంది.

“అప్పలరాజు గారూ, ఒక్కసారి దిగండి.”

“ఆయ్! వచ్చేత్తున్నానండి సిస్టరు గారూ!”

మోకు ఆనించుకుంటూ చరచరా దిగిపోయాడు. అరవై దగ్గరపడుతున్న మనిషిలా లేడు. భుజం మీద తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటూ వచ్చి, “మేస్టారికి ఎలాగుందండి? మాటొచ్చిందంట గదా,” అన్నాడు.

“వచ్చిందండి. మీరు కాసేపు ఇలా కూర్చోండి. ఇప్పుడే చెట్టు దిగేరు గదా, ఓ పావుగంట ఊరికే కూర్చోవాలి.”

“పావుగంటే! ఊరికేనా?”

“ఊరికేనండి. మాట్లాడకూడదు కూడా.”

చిట్టెమ్మ నవ్వింది. “పెళ్ళయ్యేక ఈయన పావుగంట ఊరికే కూకోడం నేను సూళ్ళేదండి.”

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పుష్పలత బల్ల తెచ్చి చెయ్యి పెట్టించింది. ఆ పావుగంటా ముగ్గురూ నిశ్శబ్దంగా కూర్చున్నారు. కాలవలో బాతులు అరుస్తున్నాయి. ఎండ మెల్లగా అరుగు మీదకి పాకింది.

పట్టీ చుట్టి మీట నొక్కింది. నూట ఎనభై ఎనిమిది బై నూట పన్నెండు.

కాస్సేపు ఆగి మళ్ళీ నొక్కింది. నూట ఎనభై నాలుగు బై నూట పది.

రెండూ రాసింది.

“అప్పలరాజు గారూ, తలనొప్పి గానీ, కళ్ళు మసకబారడం గానీ ఉందాండీ? ఛాతీలో బరువు?”

“ఏం లేదండి. బ్రహ్మాండంగా ఉన్నాను.”

“బీపీ చాలా ఎక్కువుందండి. ఇవాళ చెట్టెక్కొద్దు. నేను ఇప్పుడే డాక్టరు గారికి ఫోన్ చేస్తాను, మనిద్దరం పీహెచ్‌సీకి వెళ్దాం. మందు మారుస్తారు. నెలకి సరిపడా ఇస్తారు, మాటిమాటికీ రానక్కర్లేదు. మీ దగ్గర పాత బిళ్ళలు ఎన్ని మిగిలేయి?”

అతను భార్య వైపు చూసి తల గోక్కున్నాడు. “నిజం చెప్పాలంటే మానేసి శానా కాలమైందండి. బాగానే ఉందన్నారు గదా మీరు. మొన్న జనవరిలో కూడా బాగుందనే రాసేరు కార్డు మీద. మరి ఒక్క నెల్లో ఇంత పెరిగిపోద్దాండి?”

పాత మిషను తప్పు చూపించిందండి. ఆటోలో నాలుగైదు రకాలుగా అనుకున్న మాట సిద్ధంగా ఉంది.

“జనవరిలో నేను కొలవలేదండి,” అంది పుష్పలత. “అంతకు ముందు నాలుగు నెలలు కూడా కొలవలేదు. కొలవకుండానే రాసేశాను. తప్పు నాది. అందుకే మళ్ళీ వచ్చేను.”

చిట్టెమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది.

అప్పలరాజు తన చేతికి చుట్టిన పట్టీ వైపు చూశాడు. దాన్ని తనే విప్పి, జాగ్రత్తగా మడిచి, బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకుంది పుష్పలత. తిడితే బాగుండుననుకుంది.

“మా అన్నయ్యదండీ?” అన్నాడు.

“ఎవరు?”

“రాఘవులన్నయ్యదండి. పక్కిల్లే గదా. డిసెంబర్లో పొద్దున్నే కాలవ గట్టుకెళ్ళి పడిపోయేడు గదా. గుండాగిపోయిందన్నారు. ఆడికీ ఉండేది గదండి మీ కార్డు. ఆడిది కూడా కొలవకుండానే రాసేరా?”

పుష్పలత బ్యాగులోంచి రిజిస్టరు తీసింది. వేళ్ళు పేజీలు తిప్పుతున్నాయి. తొంభై నాలుగో పేరు. రాఘవులు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. మూడు గళ్ళలోనూ అదే అంకె. నాలుగో గడి మీద అడ్డంగా ఎర్రగీత.

గుర్తుచేసుకోవాలని చూసింది. నవంబరులో కొత్త మిషను వచ్చాక అతను కేంద్రానికి వచ్చాడా? పొడుగాటి మనిషి, చెవి మీద బీడీ పెట్టుకునేవాడు. మొహం గుర్తుంది. చెయ్యి చాపినట్టు గుర్తులేదు. చాపలేదనీ గుర్తులేదు.

“తెలీదండి,” అంది. “నవంబరుది నిజంగా గుర్తు లేదు అప్పలరాజు గారూ. మిగతా రెండూ మాత్రం కొలవలేదు.”

అతను తల ఊపాడు. కోపం లేదు ఆ మొహంలో, ఏముందో ఆమెకి అంతు పట్టలేదు. కుర్చీలోంచి లేచి, అరుగు చివరికి నడిచి, దడి మీదుగా పక్కింటి పెరట్లోకి కేకేశాడు.

“వదినా! నాగదుర్గొదినా! ఓసారిలా రా. సిస్టరు గారొచ్చేరు.”

అవతల బట్టలు ఉతుకుతున్న చప్పుడు ఆగింది.

“వత్తన్నానయ్యా!”

తడిచేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ దడి పక్క సందులోంచి వచ్చింది నాగదుర్గ. సన్నగా ఉంది. నుదుటి మీద బొట్టు లేదు. పుష్పలతని చూడగానే మొహం విప్పారింది.

“మేస్టారికి నెమ్మదించిందంట గదండి, సంతోషం. ఏంటి మరిదీ, బీపీ చూత్తున్నారా? మా ఆయనున్నప్పుడు నన్నూ చూపించుకోమనేవారండి. నేనే వచ్చేదాన్ని కాదు.”

ఆమె జవాబు కోసం ఆగలేదు. అప్పలరాజు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, గాజులు లేని చెయ్యి బల్ల మీద చాపింది.

“కానివ్వండి సిస్టరు గారూ,” అంది.